రెండోసారి తీసిన రక్తం

కొత్తవాడ పెద్దులుకు అసలు కోపం వచ్చింది దేనికి? ఏడాది దాటినా అబ్బాస్ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. అడిగి తెలుసుకుందామంటే ఎదుటి మనిషి నోరు విప్పాలి గదా. విప్పడు.

పెద్దులు జంపఖానాలు నేసే మనిషి. వయసు అరవై రెండు. బక్క ఒళ్లు, పెద్ద చెవులు, మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. నూలుకు రంగులు ఆయనే వేసుకుంటాడు, మగ్గం మీదికి ఆయనే ఎక్కిస్తాడు, ఇంకొకరిని రంగు తొట్టి దగ్గరికి రానివ్వడు. చుట్టుపక్కల ఇళ్లలో మరమగ్గాలు వచ్చి పొద్దస్తమానం మోగుతున్నా, ఆయన ముందుగదిలో గుంతమగ్గం మాత్రం తండ్రి పెట్టిన చోటనే ఉంది. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే వీధిలో పోయేవాళ్లకు ఆయన నడుము నుంచి పైకే కనిపిస్తాడు.

రంగు దగ్గర ఆయనకో పట్టుదల. తొట్టిలోంచి అప్పుడే తీసిన నూలును చూసి ఎవరైనా బాగొచ్చిందంటే ఒప్పుకోడు. తడి నూలు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే తేలిపోతుంది. ఎంత తేలిందో ఆరాక చూడాల్సిందే. ఒకసారి నేత సంఘం గుమస్తా నమూనా గుడ్డముక్క పట్టుకొచ్చి, ఎరుపు సరిపోయిందని తడి నూలు ముందే కాగితం మీద సంతకం పెట్టబోయాడు. పెద్దులు ఆయన చేతిలో పెన్ను లాక్కుని, నీడన కుర్చీ వేసి, పొద్దు వాలేదాకా కూర్చోబెట్టాడు. నాలుగుసార్లు చాయ్ పోయించాడు గాని లేవనివ్వలేదు. ఆరాక చూస్తే గుమస్తా ముక్క కంటే బాగా తక్కువ రంగు. మారుమాట లేకుండా నూలు మళ్లీ తొట్టిలో ముంచాడు.

ఇంకో అలవాటు, ఎక్కడికి కదిలినా "పోయొస్త" అని చెప్పి కదలడం. సందు చివర చాయ్ దుకాణానికి పోయినా ఇంట్లో అందరికీ వినబడేటట్టు చెప్తాడు. "పోత" అని ఊరికే అనడం ఆయన నోటికి రాదు. పక్కింటి పిల్లలు ఆయన గొంతు పెట్టి వెక్కిరించేవాళ్లు కూడా.

అబ్బాస్‌ది వెనక సందు. అతని తల్లి హుసేన్‌బీ పెద్దులు తండ్రి మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఆ కండెల గంప పక్కన కూర్చునే అబ్బాస్ ఇంటర్ దాకా చదివాడు. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, సుబేదారిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరి, ఇరవై ఆరేళ్లుగా అక్కడే రక్తాలు తీస్తున్నాడు. తల్లి పోయాక కూడా వారానికి ఒక్కసారైనా పెద్దులు ఇంట్లో అన్నం తిని వస్తాడు. పెద్దులు భార్య అనసూర్య అతన్ని తమ్మీ అంటుంది. ఆమె వండే పప్పుచారు కోసం అతను ఇంట్లో అబద్ధాలాడిన రోజులు కూడా ఉన్నాయి.

పన్నెండేళ్ల కింద ఒక పొరపాటు జరిగింది.

అప్పుడు పెద్దులు చేనేత ప్రదర్శనకని ఒక పెద్ద జంపఖానా నేస్తున్నాడు. పదిహేను రోజులుగా తెల్లారకముందే గుంతలో దిగి, పేకను, అంటే అడ్డపోగును, దువ్వెనలాంటి పన్నెతో గట్టిగా దగ్గరికి కొడుతున్నాడు. జంపఖానాకు చీర నేసినట్టు కొడితే సరిపోదు, భుజం బలమంతా పెట్టాలి. ఒకరోజు ఎడమ భుజం, ఛాతీ పట్టేశాయి. వీధిలో సూదులు వేసే ఆయన రెండు సూదులు పొడిచి, ఎందుకైనా మంచిదని రక్తం చూపించుకోమన్నాడు. అబ్బాస్ రక్తం తీశాడు. కండ దెబ్బతింటే అంకె పెరిగే పరీక్ష అది. లెక్క ఉండాల్సినదానికి నాలుగింతలు వచ్చింది. డాక్టరు ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా ఆగకుండా అబ్బాస్ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చి, అనసూర్యతో గుండె దెబ్బతిన్నట్టుంది వదినా అన్నాడు.

ఆమె ఏడుపుకు సందంతా కదిలింది. హైదరాబాద్ తీసుకుపోయారు. నాలుగు రోజులు అన్ని పరీక్షలూ చేసి, గుండెకేం కాలేదు పొమ్మన్నారు. తిరిగొచ్చేసరికి ప్రదర్శనకు సరుకు తీసుకుపోయేవాళ్లు వచ్చిపోయారు. మూరెడు తక్కువ జంపఖానా మగ్గం మీదనే ఉంది. ఆ తర్వాత కొత్తవాడలో ఆయన పేరు గుండె పెద్దులు. పెళ్లి కార్డు మీద కూడా ఎవరో చిలిపివాడు అట్లనే రాసి పంపాడు.

పెద్దులు మాత్రం అబ్బాస్‌ను ఒక్క మాట అనలేదు. పైగా ఆ కథను తనే అందరికీ నవ్వుతూ చెప్పేవాడు. మా అబ్బాస్ చేతిల సూది కాదు, జాతకం ఉంటది అనేవాడు. అబ్బాస్ కూడా నవ్వేవాడు, కంచంలోకి చూస్తూ.

మరుసటి ఏడు రక్తపరీక్షల మిషన్ కంపెనీవాళ్లు టెక్నీషియన్లకు ఒకరోజు శిక్షణ పెట్టారు. ఆ పరీక్షలో అంకె గుండె కండకే కాదు, ఒంట్లో ఏ కండ నలిగినా పెరుగుతుందని, బరువు పని చేసినవాళ్లకు, కండకు సూది వేయించుకున్నవాళ్లకు ఒక్కదాన్నే చూసి గుండె అనొద్దని అక్కడ చెప్పారు. కుర్చీలో కూర్చున్న అబ్బాస్‌కు పెద్దులు భుజం కళ్ల ముందు కనిపించింది. ఆ సాయంత్రమే చెబుదామని పోయాడు. అప్పటికే పెద్దులు ఎవరికో జాతకం కథ చెప్పి నవ్విస్తున్నాడు. నవ్వులో నవ్వు కలిసిపోయింది, మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత పండక్కి చెబుదామనుకున్నాడు, ఇంకో పండక్కి అనుకున్నాడు. పాత సంగతి తవ్వడం ఎందుకులే అనిపించిన రోజున అసలు అనుకోవడమే మానేశాడు.

పోయిన ఏడు నవంబరులో మళ్లీ ప్రదర్శన వచ్చింది. పెద్దులు మళ్లీ ఒక జంపఖానా ఎక్కించాడు. ఇరవై ఒక్క రంగులు, అన్నీ తన తొట్టిలోవే. సాయంత్రం చేనేత ఆఫీసువాళ్లు వచ్చి తీసుకుపోతారనగా, ఆ పొద్దున ఆరున్నరకు ఛాతీలో బరువు పెట్టినట్టయింది. మగ్గం నొప్పే అన్నాడు. అనసూర్య వినలేదు. ఆటో పిలిచి, చొక్కా కూడా తనే తొడిగి సుబేదారి తీసుకొచ్చింది.

డ్యూటీలో డాక్టర్ సంధ్యారాణి ఉంది. ఈసీజీలో పెద్దగా ఏం కనిపించలేదు. మాత్రలు ఇచ్చి, రక్తం పంపించింది. ఇప్పుడు చేసేది పాత పరీక్ష కాదు. గుండె కండలో ఉండే ఒక రకం ప్రోటీన్‌ను పట్టి చూసే పరీక్ష, ట్రోపోనిన్. గుండె కండ దెబ్బతింటే అది కొంచెం కొంచెంగా రక్తంలోకి ఊరుతుంది. ఊరడానికి గంటలు పడుతుంది. నొప్పి మొదలైన వెంటనే తీస్తే రక్తం శుభ్రంగానే కనిపించవచ్చు. అందుకే కొన్ని గంటలాగి మళ్లీ తీసి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పెరిగిందా లేదా అన్నదే అసలు సంగతి.

ఏడున్నరకు అబ్బాస్ మొదటి రక్తం తీశాడు. తీసేముందు చేతి మీది నీలం రంగు స్పిరిట్ దూదితో తుడవాల్సి వచ్చింది. తొమ్మిది వచ్చింది. ఆ మిషన్‌లో పద్నాలుగు దాటితేనే లెక్క. పదిన్నరకు మళ్లీ తీయాలని, అప్పటిదాకా కదలొద్దని సంధ్యారాణి చెప్పింది. అబ్బాస్ చెప్పాడు. నర్సు చెప్పింది. పెద్దులు ముగ్గురికీ తల ఊపాడు. కాగితం ఒకసారి చూస్తనంటే అబ్బాస్ చేతికిచ్చాడు.

ఆ కాగితం ఇవ్వడమే తప్పయింది. ఇరవై ఆరేళ్లుగా అబ్బాస్‌కు చిరాకు తెప్పించేది ఇదే. అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉందా లేదా, అంతే చూస్తారు జనం. నక్షత్రం ఉంటే ఏడుస్తారు, లేకపోతే స్వీట్లు కొంటారు. ఎప్పుడు తీసిన రక్తం, ఎందుకు తీసిన రక్తం, మళ్లీ ఎందుకు తీయాలి, ఇవేవీ కాగితం చెప్పదు, చెప్పే మనిషి మాట వాళ్లు వినరు. పెద్దులు కాగితం మీద నక్షత్రం లేదు.

అనసూర్య ఇడ్లీలు కట్టించుకురావడానికి కిందికి పోయింది. తొమ్మిదింటికి అబ్బాస్ ఇంకో రక్తం పని ముగించుకుని బయటికొస్తే బెంచీ ఖాళీగా ఉంది. నీళ్ల సీసా మూత తీసి ఉంది. అనసూర్య పొట్లంతో మెట్లెక్కి వచ్చి, ఏడి తమ్మీ అని అతన్నే అడిగింది. నర్సును అడిగారు, వాచ్‌మన్‌ను అడిగారు. పోయొస్తనని ఎవరికీ చెప్పలేదు. పెద్దులు చెప్పకుండా పోయాడంటేనే అబ్బాస్‌కు అనుమానం వచ్చింది.

సంధ్యారాణి అబ్బాస్ మీదనే కేకలేసింది. తెలిసినవాళ్లే గదా, కూర్చోబెట్టలేకపోయారా అంది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఫోను మేకుకు తగిలించిన చొక్కా జేబులో ఉంటుందని, మనిషి గుంతలో ఉంటాడని అనసూర్య ఇడ్లీ పొట్లం బల్ల మీద పడేసి చెప్పింది. అబ్బాస్ ల్యాబ్‌ను తనతో పనిచేసే రాజశ్రీకి అప్పజెప్పి, సూదులు, సీసాలు సంచీలో వేసుకుని, అనసూర్యను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ తీశాడు. చౌరస్తాలో జామ్. పోచమ్మ మైదాన్ దగ్గర మళ్లీ జామ్. హారన్ కొట్టీ కొట్టీ బొటనవేలు నొప్పి పుట్టింది. వెనక అనసూర్య దారి పొడుగునా మొగుణ్ని తిడుతూనే ఉంది, మధ్యలో ఒక్కసారి మాత్రం దేవుణ్ని మొక్కింది.

పెద్దులు మగ్గం మీదనే ఉన్నాడు. చొక్కా మేకుకు ఉంది. ముఖం మీద చెమట పట్టి ఉంది. ఆ చలి పొద్దున గదిలో ఇంకెవరికీ చెమట లేదు.

"మీ వదినెను గూడ బండెక్కిచ్చుకొచ్చినవా," అన్నాడు తల ఎత్తకుండా. "మంచిగ జేసినవ్. ఆటో కిరాయి మిగిలింది."

"దిగన్నా. ఇంకో రక్తం తియ్యాలె."

"నార్మలని కాయితమిస్తివి గదా."

"గది నొప్పొచ్చిన గంటకే తీసిన రక్తం. ఏమన్న ఊరితే గిప్పుడు తేలుతది."

పెద్దులు అడ్డపోగున్న నాడె విసిరి, పన్నె కొట్టాడు. ఇంక జానెడు మిగిలింది, రెండు గంటల పని అన్నాడు. అది ముగిశాక కావాలంటే సీసా నిండా తీసుకోమన్నాడు. అనసూర్య మగ్గం మీది పడుగు పోగులకు అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తీయమని ఆయన, తీయనని ఆమె. అబ్బాస్ గోడకు వేలాడుతున్న నూలు వైపు చూశాడు.

"అన్నా, తొట్టిలకెల్లి తీసిన నూలు జూసి రంగు చెప్తవా నువ్వు? గుమస్తాను పొద్దుగూకెదాక కూసోవెట్టినవ్. పొద్దున నేను తీసింది తడి నూలే. గా కాయితం గూడ తడి కాయితమే."

పెద్దులు చెయ్యి ఆగింది. ఆ పొద్దున మొదటిసారి అబ్బాస్ ముఖంలోకి చూశాడు.

"మరి పదకొండేండ్ల కింద జూసింది? గది తడిదా, ఎండిందా?"

అబ్బాస్ సంచీ పట్టీ సర్దుకున్నాడు. తప్పించుకోవడానికి ఇంక పండుగ ఏదీ మిగల్లేదు.

"గది పరీక్షనే వేరన్నా. ఏ కండ నలిగినా పెరుగుతది. అప్పుడు పదిహేను దినాలు పన్నె కొట్టినవ్, మీదికెల్లి రెండు సూదులు. నీ భుజం లెక్కను నేను గుండె లెక్క అన్న."

"గిది?"

"గిది గుండె కండల ఉండేదాన్నే పడ్తది. భుజం దీంట్లకు రాదు."

"గీ ముచ్చట ఎప్పుడు తెల్సింది నీకు?"

"మరుసటేడే."

అనసూర్యే అంది, గొంతు పెంచకుండా.

"పదేండ్ల సంది మా ఇంట్ల అన్నం తింటానవ్ తమ్మీ."

పెద్దులు ఎడమ చెయ్యి చాపాడు. కుడి చెయ్యి నాడె మీదనే ఉంది. అబ్బాస్ నేల మీద కూర్చుని, గుంత అంచుకు ఆనుకుని, దూదితో నీలం తుడిచి సూది పెట్టాడు. పదీ ముప్పావు. సీసా నిండాక, పన్నె కొట్టకన్నా, రిపోర్టు వచ్చిందాకా అట్లనే కూర్చో అన్నాడు. పెద్దులు వినిపించుకున్నట్టు లేడు. అనసూర్య ఒంగి ఆయన వేళ్ల కింద నుంచి నాడె లాక్కుని కొంగులో ముడేసుకుంది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమె ఆ నాడె ముట్టడం అదే మొదటిసారి.

పెద్దులు ఇల్లు కదలనంటే, అబ్బాస్ ఒక్కడే దవాఖానకు తిరిగి చేరి, రక్తం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మిషన్‌లో పెట్టాడు. ఆ మిషన్ ఆలోచించుకోవడానికి పద్దెనిమిది నిమిషాలు తీసుకుంటుంది. ఆ పద్దెనిమిది నిమిషాలూ అబ్బాస్ దాని ముందే నిలబడి, లోలోపల తననే తిట్టుకున్నాడో, పెద్దులునో, కాగితాలు కనిపెట్టినవాణ్నో అతనికే తెలియదు. ఇది కూడా తొమ్మిదే వస్తే? అప్పుడు మళ్లీ ఒక జంపఖానా ఆపినవాడవుతాడు. అట్లా రావాలనే కోరుకున్నాడు. రాకూడదని కూడా ఒక్క క్షణం కోరుకున్నాడు. ఆ క్షణం సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అరవై నాలుగు.

సంధ్యారాణి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఇంకేం అడక్కుండా అంబులెన్స్ పంపమంది. అబ్బాస్ అందులోనే ఎక్కిపోయాడు. పెద్దులు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు బూడిద రంగు తిరిగాయి. అనసూర్య ఆయన వీపు మీద చెయ్యేసి ఉంది, నాడె ఇంకా కొంగులోనే ఉంది.

"ఎంత?" అని అడిగాడు పెద్దులు.

"అరవై నాలుగు."

"పొద్దున?"

"తొమ్మిది."

పెద్దులు ఆ రెండు అంకెలనూ రెండు నూలు పోగుల్లా మనసులో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

"అయితే ఎండింది," అన్నాడు.

అబ్బాస్‌తో ఆయన ఆడిన ఆఖరి మాట అదే.

పెద్దాసుపత్రిలో పూడుకుపోయిన నాళంలో స్టెంటు వేశారు. ఇంకో పూట ఆలస్యమైతే గుండెలో ఆ భాగం దక్కేది కాదన్నారట. వారానికి ఇంటికొచ్చాడు. ఆయన్ని అంబులెన్స్‌లో తీసుకుపోయిన రోజు సాయంత్రమే చేనేత ఆఫీసువాళ్లు వచ్చి, జానెడు తక్కువున్న జంపఖానాను మగ్గం మీదనే చూసి, బాగుందని మెచ్చుకుని, పక్క సందులో ఇంకొకరిది తీసుకుపోయారు. కొత్తవాడలో గుండె పెద్దులు అనే పేరు ఇప్పుడు ఎవరూ అనడం లేదు. నిజంగా గుండె జబ్బు వచ్చినవాణ్ని ఆ పేరుతో పిలవడానికి నోళ్లు రావడం లేదు కాబోలు.

అబ్బాస్ పండ్లు పట్టుకుని రెండుసార్లు పోయాడు. పెద్దులు, లోపలి గదిలో పడుకున్నానని భార్యతో చెప్పించాడు. మూడోసారి పోయినప్పుడు మగ్గం ముందే ఉన్నాడు, పలకలేదు. అనసూర్య చాయ్ ఇచ్చింది. అన్నం తినమని అనలేదు. గుమ్మం దగ్గర అబ్బాస్ ఆమెను గట్టిగానే అడిగాడు. జంపఖానా ఆగిందనా, పదేళ్లు దాచినందుకా, దేనికి వదినా అన్నాడు. ఆమెకూ చెప్పడట. ఆ జానెడు నేయమంటే నేయడట, కోయనీయడట. పక్కనే ఇంకో మగ్గం వేయించుకుని, వేరే పడుగు దాని మీద ఎక్కించుకున్నాడట. ఏం మనుషులో మీరు, ఒకడు చెప్పాల్సింది చెప్పడు, ఒకడు అడగాల్సింది అడగడు, మధ్యలో నా తల పగులుతాంది అని ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

తప్పు చెప్పినప్పుడు నవ్విన మనిషి, ఒప్పు చెప్పినప్పుడు ముఖం తిప్పుకోవడం అబ్బాస్‌కు మింగుడు పడదు. కొన్నిసార్లు అతనికే కోపం వస్తుంది. ప్రాణం నిలబెట్టినవాడికి ఇదా అనుకుంటాడు. వెంటనే పప్పుచారు గుర్తొచ్చి ఆ కోపం ఎటూ పోలేక లోపలే ఉండిపోతుంది.

మూడు నెలలకొకసారి పెద్దులు రక్తం చూపించుకోవాలి. హనుమకొండలో ఎన్ని ల్యాబులు లేవు? అయినా సుబేదారికే వస్తాడు, అబ్బాస్ కుర్చీ ముందే కూర్చుంటాడు, చెయ్యి చాపుతాడు. ఇదొక్కటి అబ్బాస్‌కు ఇంకా అర్థం కాదు.

మొన్న సోమవారం కూడా వచ్చాడు, ఒక్కడే. ఈసారి చేతి మీద పసుపు రంగు, గోళ్ల సందుల్లో సహా. అబ్బాస్ ఎప్పటిలాగే తుడిచాడు. తుడవడానికి అవసరమైనదాని కంటే కొంచెం ఎక్కువసేపే తుడిచాడు. సూది తీసి, దూది అదిమి పట్టి, మెల్లగా చెప్పాడు.

"రిపోర్టు పదకొండయితది అన్నా. ఇంటికి పో, నేను సాయంత్రం తెచ్చిస్త."

పెద్దులు పోలేదు. వరండాలో అదే బెంచీ మీద కూర్చున్నాడు. ఎనిమిది నుంచి పదకొండు దాకా కదలకుండా, నూలు ఆరబెట్టినప్పుడు నీడన కూర్చునేటట్టే కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు అబ్బాస్ తలుపు సందులోంచి చూశాడు. చాయ్ పంపిస్తే తాగి, గ్లాసు కడిగి కిటికీలో పెట్టాడు.

పదకొండుకు అబ్బాస్ కాగితం తనే తీసుకెళ్లి ఇచ్చాడు. ఈసారి చేత్తో ఒక్కో అంకె కింద గీత గీసి, ఇది పోయినసారి ఇంత ఉండె, ఇప్పుడింత, తగ్గింది అని చెప్పాడు. పెద్దులు శ్రద్ధగా విన్నాడు. నక్షత్రం గుర్తు వెతకలేదు. జేబులోంచి పాత కాగితం తీసి, కొత్తదాని పక్కన పెట్టి, వేలితో వరుసగా చూసుకున్నాడు. తల ఊపాడు. అబ్బాస్ అక్కడే నిలబడ్డాడు, ఒక్క మాటైనా వస్తుందేమోనని.

పెద్దులు రెండు కాగితాలూ కలిపి మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టు దిగి, రోడ్డు దాటి ఆటో ఎక్కి పోయాడు.